నంది ఎదుట రంకె

కారు శబ్దం చేయకుండా ఉండడానికి డబ్బులు పెట్టే కాలం పోయింది. అడిగినప్పుడు అరిచి, వద్దన్నప్పుడు ఊరుకోవడానికి డబ్బులు పెట్టే కాలం వచ్చింది. ఆ ఏర్పాటును యాక్టివ్ ఎగ్జాస్ట్ అంటారు. మా మేనల్లుడు బెంగళూరులో సెకండ్ హ్యాండులో కొన్న విదేశీ కారుకు అది ఉంది. ఆ కారు గొప్పలు చెప్పేటప్పుడు వాడు సౌండు దగ్గర మొదలుపెట్టి సౌండు దగ్గరే ముగిస్తాడు. మైలేజీ ఊసెత్తడు.

సంగతి ఇంతే. సైలెన్సర్ చివరి గొట్టంలో ఒక గుండ్రటి రేకు ఉంటుంది, కాలవ తూముకు తలుపులాగా. అది మూసుకుంటే పొగ లోపలి అరలన్నీ చుట్టి, నోరు మెదపకుండా బయటికొస్తుంది. తెరుచుకుంటే అడ్డదారిన నేరుగా వస్తుంది, గర్జన అక్కడిదే. కొన్ని కార్లలో ఆ రేకును ఇంజన్ పీల్చే గాలితో లాగిస్తారు. మావాడి కారులో గుప్పెట్లో పట్టేంత మోటారు ఉంది. దానికి ఒక తీగ కరెంటు తెస్తుంది, ఒకటి ఎర్త్, మిగతావి కంప్యూటర్ హుకుం మోసేవి. తెరవమంటే తెరవాలి, మూయమంటే మూయాలి. ఇంతకన్నా కష్టమైన ఉద్యోగానికే మా పిల్లలు నంద్యాలలో కోచింగ్ తీసుకుంటున్నారు.

కారు కొన్న కొత్తలో మాకు చూపించడానికి ఒకసారి వచ్చాడు గానీ అప్పుడు మూఢం, వాహనపూజ కుదరలేదు. ఈసారి పూజ కోసమే బయల్దేరాడు. తాడిపత్రి దాటి కొలిమిగుండ్ల వైపు వచ్చేసరికి నాపరాళ్ల లారీలు లేక రోడ్డు ఖాళీగా కనిపించిందట. స్పోర్ట్ బటన్ నొక్కాడు. రేకు తెరుచుకుంది. మళ్లీ మూసుకోలేదు. బనగానపల్లె, నంద్యాల మీదుగా మహానంది దాకా అరుచుకుంటూ వచ్చింది. మా వీధి మొదట్లో ఉండగానే అమ్మ, "ఎవురిదో బోరు బండి వస్తాండాది, ఎవురింట్లో ఏస్తాండారో" అంది.

నల్లమల అడుగున నిశ్శబ్దానికి అలవాటుపడిన ఊరు మాది. స్వామి పాదాల కింద ఊరే నీళ్లు పుష్కరిణిలోకి వచ్చి, కిందనున్న అరటితోటలకూ వరిమళ్లకూ పోయేటప్పుడు కూడా పెద్దగా చప్పుడు చేయవు. అలాంటి చోట గుడి ఎదుట టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కర్పూరం వెలిగించి, బండి స్టార్ట్ చేయమన్నారు. అర్చకస్వామి మంత్రం మధ్యలో ఆపి, "నాయనా, ముందు దీన్ని శాంతింపజేస్తే తర్వాత మనం శాంతి చేద్దాం" అన్నారు. 2024లో గుడి చుట్టుపక్కల చిరుత తిరిగినప్పుడు రాత్రిళ్లు బయటికి రావడానికి జంకిన పక్కింటాయన మాత్రం సంతోషించాడు. "ఈ కారు నాలుగు దినాలు ఈడనే ఉండనీ అల్లుడూ, చిరుత గిద్దలూరు దాటిపోతాది" అన్నాడు.

రోగం ఏమిటన్న దాని మీద ఊళ్లో ఒకరి మాటకు ఇంకొకరి మాట పొంతన లేదు. మా బావ దిష్టి అన్నాడు. అమ్మ పూజ చేయకుండా తిప్పినందుకు అంది. ట్రాక్టర్లు బాగుచేసే ఆయన సైలెన్సర్‌కు బొక్క పడింది, వెల్డింగ్ పెడితే సరి అన్నాడు. బుల్లెట్లేసుకుని వచ్చిన కుర్రాళ్లకైతే రోగమే కనిపించలేదు. "అన్నా, ఈ సౌండు ఏడ పెట్టించినావు? ఎంతయింది?" ఇది ఫాల్టురా అంటే ఒక్కడూ నమ్మలేదు, చెప్పడం ఇష్టంలేక దాస్తున్నాడనుకున్నారు. వాళ్లనీ అనలేం. ప్రతి బండికీ సైలెన్సర్ ఉండాలని 1989 మోటారు వాహనాల నిబంధనల్లో 120వది చెబుతుంది. విశాఖపట్నంలో పోలీసులు అరిచే సైలెన్సర్లను ఊడబీకి రోడ్డు రోలర్‌తో తొక్కించారు కూడా. అయినా కుర్రాళ్లు కొంటూనే ఉన్నారు.

ఈ సైలెన్సర్ల వెనుక ఒక అమెరికా కుటుంబం కథ ఉంది. తండ్రి హైరామ్ మాక్సిమ్ మెషిన్‌గన్ కనిపెట్టి, ఆ మోతకు చెవులు పోగొట్టుకున్నాడు. కొడుకు హైరామ్ పెర్సీ 1909లో తుపాకీ సైలెన్సర్‌కు పేటెంటు తీసుకుని, మోటారు బండ్లకూ మఫ్లర్లు తయారుచేశాడు. మా ఇంట్లో ఇది తిరగబడింది. మా బావ లైబ్రేరియన్‌గా రిటైరయ్యాడు. కొడుకేమో ఈ కారు కొన్నాడు.

మేనల్లుడు ఫోనుకు స్కానర్ కలిపి చూస్తే ఎగ్జాస్ట్ ఫ్లాప్ సర్క్యూట్ అని కోడ్ వచ్చింది. బెంగళూరు సర్వీస్ సెంటరుకు ఫోన్ చేశాడు. వాళ్లు కారు చూడకుండానే మోటారు విడిగా రాదు, వెనక సైలెన్సర్ మొత్తం మార్చాలన్నారు. చెప్పిన ధరకు మా ఊళ్లో పాడి ఆవులు రెండొస్తాయి. కోడ్ అనేది ఏ వీధిలో గొడవో చెబుతుంది, ఎవరింట్లోనో చెప్పదు. వీళ్లు వీధి పేరు వినగానే వీధంతా కూలగొడతామంటున్నారు.

చివరికి బండ్ల కరెంటు పని చేసే భాయ్‌ని పిలిపించాం. నంద్యాల నుంచి టీవీఎస్ ఎక్సెల్ మీద వచ్చాడు. సీటు కింద నుంచి మీటరు, ఒక హెడ్‌లైట్ బల్బుకు రెండు తీగలు కట్టిన టెస్ట్ ల్యాంపు తీశాడు. ముందు ఫ్యూజు చూశాడు, బాగుంది. కారు కిందికి దూరి మోటారు ప్లగ్ పీకి, తాళం తిప్పమన్నాడు. మీటరు పెడితే 12.4 వోల్టులు.

"కరెంటు ఉండాది కదా భాయ్, మోటారే పోయిందేమో" అన్నాడు మావాడు.

"మీటరు మాట అప్పుడే నమ్మొద్దప్పా. అది చిటికెడు కరెంటుతో సరిపెట్టుకుంటాది. బల్బు కడుపునిండా అడుగుతాది" అని అవే రెండు పిన్నులకు టెస్ట్ ల్యాంపు పెట్టాడు. బల్బు లోపలి తీగ ఎర్రగా మినుకుమంది, అంతే. కరెంటు పిన్నును అలాగే ఉంచి, రెండో తీగను మాత్రం ఛాసీ మీద గీరిన ఇనుముకు ఆనించాడు. కారు కిందంతా తెల్లటి వెలుగు.

"చూసినావా మామా? వచ్చే దోవ బాగుండాది. పోయే దోవ మూసుకున్యాది. ఎర్తే." మళ్లీ బల్బు ప్లగ్‌కే పెట్టి, ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య మీటరు ఆనిస్తే 8 వోల్టులు. పావు వోల్టు కూడా ఉండకూడని చోటు అది.

ఆ ఎర్త్ తీగ డిక్కీలోకి పోయింది. కార్పెట్ ఎత్తితే స్టెప్నీ గుంత పక్కన బోల్టు, దాని చుట్టూ తుప్పు, తీగ కొసన పచ్చటి చిలుము. తడి ఇంకా ఆరలేదు. మేనల్లుడి ముఖం వెలిగింది. "అవ్వ పోయినసారి పుష్కరిణి నీళ్లు క్యాన్‌లో పోసిచ్చింది మామా! అదే కారింది."

అమ్మ చెంపలేసుకుంది. "స్వామి తీర్థానికి తుప్పు అంటగడతావురా?" మా బావ అటూ ఇటూ చూసి, తీర్థానికి ఆ దోషం ఉండదన్నాడు. భాయ్ ఏమీ అనకుండా వేలితో ఆ తడి తీసి వాసన చూశాడు. "నీళ్లు కాదమ్మా. నిమ్మకాయ ఊరగాయ."

అందరూ నా భార్య వైపు తిరిగారు. ఆ సీసా ఇచ్చింది తనే. ఉప్పూ పులుపూ కలిసిన ఊట ఇనుమునూ రాగినీ ఏం చేస్తుందో బడిపిల్లలకూ తెలుసు గానీ ఆ మాట పైకి అనగలవాడు అక్కడ ఎవడూ లేడు. "మూత నేను గట్టిగానే పెట్టినాను. ఆ సౌండుకే వదులయ్యుంటాది" అందామె. ఆ వాదనకు మావాడి దగ్గర జవాబు లేదు.

భాయ్ బోల్టు విప్పి, ఎమిరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, చిలుము పట్టిన కొస కోసేసి కొత్త లగ్ బిగించాడు. పైన కాస్త వాసెలిన్ పూశాడు. కోడ్ చెరిపి స్టార్ట్ చేస్తే రేకు టక్కున మూసుకుంది. బుల్లెట్ కుర్రాళ్లు ఉసూరుమని బండ్లెక్కారు.

ఎంతివ్వాలి భాయ్ అంటే మున్నూరు అన్నాడు. సామాను సర్దుకుని, ఎక్సెల్ స్టాండు తీసి, మళ్లీ వేశాడు.

"అమ్మా, ఆ ఊరగాయ ఇంకా ఏమన్నా మిగిలుండాదా?"