“వేగ మెంచి” పద్యము: టీకా తాత్పర్యములు

వేగ మెంచి గడియ వేటు పెంచినవాడు
విద్యు దింత పెంచి విసువు లేక
నీలి తెరను గాంచి నిదుర మానును జూడు
ఫరిదబాదు నెండ బావమఱది.

అవతారిక: ఫరీదాబాదులో కొలువు చేయుచున్న మా మేనల్లుడు జనవరి చలిలో తన కంప్యూటర్ ప్రాసెసరును, దానిని చేసినవారు విధించిన వేగపు హద్దు దాటించి, నాలుగు నెలలు నిశ్చింతగా ఏలుకొని, మే నెల వచ్చినది మొదలు దినమునకు మూడు పర్యాయములు నీలితెర దర్శనము చేయుచుండగా, వాని యింటికి చుట్టపుచూపుగా పోయిన నేను, చేయునది తోచక, ఈ యాటవెలదిని చెప్పితిని. పద్యము చెప్పినవాడు వ్యాఖ్య వ్రాయరాదను నియమ మెచ్చటను లేదు గదా!

ప్రతిపదార్థము: వేగము ఎంచి = వేగమే పరమార్థమని తలచి; గడియ వేటు = ప్రాసెసరునకు తాళము వేయు గడియారపు దెబ్బను (మూలతాళము సెకనునకు పది కోట్లు; దానిని ప్రాసెసరు తన గుణకముచే హెచ్చవేసికొనును; గుణకము 45 అయినచో 450 కోట్ల వేటులు); పెంచినవాడు = ఆ గుణకమును 48 చేసినవాడు; విద్యుత్ ఇంత పెంచి = వోల్టేజిని ఇంచుకంత హెచ్చించి; విసువు లేక = నిన్న పడిన గోతిలోనే నేడును పడుచు; నీలి తెరను కాంచి = విండోసు విచారవదనమును చూచి; నిదుర మానును = స్పష్టము; ఫరిదబాదునన్ = ఫరీదాబాదునందు; ఎండ = ఆతపము; బావమఱది = పిలువక వచ్చి, పొమ్మన్నను పోనిది.

“ఫరీదా” యనునది “ఫరిద” యగుట ఛందోవశమున. 1607లో జహంగీరు కోశాధికారి షేక్ ఫరీదు ఈ యూరు నెలకొల్పిననాడు ఆ దీర్ఘములు రెండును ఉండెను. మా యాటవెలదికై వానిని వదులుకొనుటకు ఆయన అభ్యంతరము చెప్పడని నమ్మెదను.

పాఠాంతరము: 2025లో మైక్రోసాఫ్టువారు విండోసు 11లో నీలితెరను నల్లతెరగా మార్చిరి గనుక “నల్ల తెరను గాంచి” యని దిద్దవలెనని మేనల్లుని వాదము. గణము చెడదు, కాని “న”కును “నిదుర”లోని “ని”కిని యతిమైత్రి లేదు. వాని యంత్రములో నున్నది పాత విండోసే గనుక నీలి పాఠమునకు సత్యభంగమును లేదు.

విశేషము: ఈ విద్యకు పూర్వపురాణ మొకటి కలదు. 1998 నాటి సెలెరాన్ 300ఎ యను చిప్పు, 66 మెగాహెర్ట్జుల మూలతాళమును 100 చేసినంతనే, 300లో నడువవలసినది 450లో పరుగెత్తెడిది. ఆ కథ విన్న ప్రతి యువకుడును తన చిప్పు ఆ వంశముదే యని తలచును. కాని వేగమును నూటికి పది, వోల్టేజిని నూటికి పది పెంచినచో శక్తివ్యయము ఇరువది పెరుగదు. వేగము లెక్కలో ఒకసారియే వచ్చును గాని వోల్టేజి రెండుసార్లు హెచ్చవేయబడును గనుక ముప్పదిమూడు పెరుగును. అదంతయు వేడి. ఆ వేడి పేస్టు గుండ, రేకుల గుండ, పంకా గుండ ప్రవహించి గది గాలిలో కలియవలసినదే. గదికంటె చల్లగా ప్రాసెసరు నుంచు పంకా యేదియు లేదు.

అన్వయము: ఇచ్చటనే మా వాడు పొరపడినది. వాడు పద్యమును పాదక్రమమున చదివెను. యంత్రము పడినది, వోల్టేజి పెంచెను. వేడి పెరిగి మరల పడినది, మరల పెంచెను. తెరమీది సంకేతమును చదివిన పాపమున పోలేదు. 124 సంఖ్యతో వచ్చు వీయా అన్‌కరెక్టబుల్ ఎర్రర్ యనునది యంత్రభాగమే తన లోపమును ఒప్పుకొనుట. ఓవర్‌క్లాక్ చేసిన యింట అది ప్రాయికముగా ప్రాసెసరు గోడు. 101 అయిన క్లాక్ వాచ్‌డాగ్ టైమౌట్, ఒక కోరు పిలిచినను పలుకకుండుట. మెమరీ మేనేజ్‌మెంట్ అని యున్నచో మొదట ర్యామును శంకించి రాత్రియంతయు మెమ్‌టెస్ట్ నడుపవలెను. మా వానికి వచ్చినది ప్రతిసారియు 124. అయినను ర్యాము ఊడదీసి తుడిచెను, విండోసు మరల ఎక్కించెను, బాటా చౌకులో వయొలెట్ లైను మెట్రో ఎక్కి నెహ్రూ ప్లేసు పోయి థర్మల్ పేస్టు కొని తెచ్చెను.

“మామయ్యా, జనవరిలో ప్రైమ్95 రాత్రంతా నడిపినా కదల్లేదు, ఇప్పుడేమొచ్చింది దీనికి?” అనెను.

దానికేమియు రాలేదు, గదికి వచ్చినది. అన్వయమున నాలుగవ పాదము మొదట చదువవలెను. జనవరి రాత్రి ఆ గది వేడిమి 14 డిగ్రీలు, మే రాత్రి పదకొండు గంటలకు 37. ఆ యిరువదిమూడు డిగ్రీలును ప్రాసెసరు నెత్తికే ఎక్కును. చలిలో 76 దగ్గర నిలిచిన చిప్పు ఇప్పుడు 99 తాకుచున్నది. వేడెక్కిన సిలికాను మందగించును, కరెంటు కార్చును, ఆ కార్చినది మరల వేడి యగును. చలిలో చాలిన వోల్టేజి ఎండలో చాలదు, చాలునట్లు పెంచినచో ఎండ మరింత చాలును.

శంక: ఏసీ వేసికొనరాదా? సమాధానము: కరెంటు పోయినచో ఇన్వర్టరు కంప్యూటరును మోయును గాని ఏసీని మోయదు.

తాత్పర్యము: బయోసును పూర్వరూపమునకు తెచ్చి మూడు దినములు నడిపితిమి. ఒక్కసారియు పడలేదు; కనుక ర్యామును పవర్ సప్లయియు నిర్దోషులు. పిమ్మట గుణకమును ఒక్కొక్కటిగా పెంచుచు, పెంచిన ప్రతిసారియు గంట సేపు పరీక్షించుచు, ఒకేసారి రెండింటిని ముట్టకుండ పోగా, మే నెలకు 46 మాత్రమే దక్కినది.

మదర్‌బోర్డువారు పలు అమరికలను దాచుకొను వీలు కల్పించియున్నారు. మా వాడు ఇప్పుడు బయోసులో రెండు దాచుకొనెను: ఒకదానికి మాఘమని, రెండవదానికి జ్యేష్ఠమని పేరు పెట్టెను.