టి2 ఎం6: టీకా తాత్పర్యసహితం

మూలం: టి2 ఎం6 (సీఎన్‌సీ యంత్రానికిచ్చే జి-కోడ్ ఆజ్ఞ)

ప్రతిపదార్థం: టి2 = రెండవ పనిముట్టును, ఎం6 = మార్చుము. కర్త ఎవరో మూలంలో లేదు గనుక అధ్యాహారం చేసుకోవాలి. కార్ఖానాల్లోని పెద్ద యంత్రాల్లో కర్త యంత్రమే. తన అరలోంచి బిట్టు తీసి తానే తగిలించుకుంటుంది. షెడ్డులో పెట్టుకునే చిన్న సీఎన్‌సీ రౌటరులో మాత్రం కర్త రెండు పానాలు పట్టుకున్న మనిషి. (ఆ రెండింట్లో ఒకటి ఎప్పుడూ రంపపుపొట్టు కిందే ఉంటుంది, అది టీకకు లొంగే విషయం కాదు.) 'ఎం6 టి2' అని పాఠాంతరం. అర్థభేదం లేదు. ఒకే పంక్తిలో ఉన్నప్పుడు ఎటు రాసినా ఎంపిక ముందు, మార్పు తరవాత. హోమం ముందు చెప్పి గంజి వండడం తరవాత చెప్పినా, వండాకే హోమమన్నారు మీమాంసకులు. పాఠక్రమం కంటే అర్థక్రమం బలీయం.

మూలకారుడు ఇంతకుమించి చెప్పడు. 2000లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్.ఐ.ఎస్.టి. వెలువరించిన ఆర్‌ఎస్274/ఎన్‌జిసి వివరణ ప్రకారం, ఎం6 ముగిసేసరికి స్పిండిల్ ఆగి ఉండాలి, కోరిన బిట్టు అందులో ఉండాలి, మరే మార్పూ జరగకూడదు. ఎలా అన్నది యంత్రం కట్టినవాడి ఇష్టం. ఆర్డుయినో మీద నడిచే గ్రబుల్ అనే నియంత్రణ ప్రోగ్రామైతే ఎం6 వినగానే ఎర్రర్ 20 చెప్పి మొహం తిప్పుకుంటుంది. అందుకే సీఎన్‌సీజేఎస్ వంటి పంపక ప్రోగ్రాములు ఎం6ను మధ్యలోనే పట్టుకుని ఆగుతాయి. మాక్3 అనే నియంత్రణ ప్రోగ్రాము మార్పుకు ముందొకటి, తరవాతొకటి రెండు మాక్రోలకు (ఆజ్ఞల వరుసలకు) చోటిస్తుంది. గ్రబుల్ నడిపే యంత్రాలకు అలాంటి మాక్రోలో ఏం రాసుకోవాలన్నదే ఇక్కడి చర్చ.

బిట్టు మార్చమన్నది వాచ్యార్థమే. బిట్టు పొడవు మారడంతో పోయిన జడ్ సున్నాను, అంటే లోతు కొలతల మొదలును, తిరిగి తెమ్మన్నది తాత్పర్యం. టేకు నేమ్‌ప్లేటు చెక్కుతున్నామనుకోండి. మొదటి బిట్టు పైతలాన్ని మిల్లీమీటరు చదును చేస్తుంది, రెండోది 90 డిగ్రీల వి-బిట్టు అక్షరాలు చెక్కుతుంది. సున్నా పెట్టిన తలం ఈపాటికి పొట్టయి వాక్యూమ్ సంచిలో ఉంది. కొత్త బిట్టును దేనికి తాకించి కొలవాలి? అంచనాతో అర మిల్లీమీటరు లోతు తప్పితే గాడి వెడల్పు మిల్లీమీటరు పెరుగుతుంది, థకారం కడుపులోని చుక్క గోడకు అంటుకుంటుంది. కనుక కొలత పనిముక్క మీద కాక, బల్ల మూలన కదలకుండా బిగించిన టూల్ సెట్టర్ అనే స్పర్శ స్విచ్ మీద జరగాలి. మొదటి బిట్టు దాన్ని మైనస్ 42.3 దగ్గర, రెండోది మైనస్ 36.1 దగ్గర తాకితే, రెండోది 6.2 మి.మీ. ఎక్కువ బయటికి ఉందని తేలింది. ఆ తేడాను జడ్‌కు సర్దితే చాలు. చెక్క పైతలం ఉందో ఊడిందో మాక్రోకు అనవసరం.

పూర్వపక్షం: కాగితం ముక్క పెట్టి చేత్తో కొలవరాదా? కొలవవచ్చు. సున్నాను మొదటే బల్ల మీద పెట్టుకుంటే కాగితమూ పనిచేస్తుంది. కానీ అది ఇదే మాక్రోను ప్రతిసారీ చేత్తో నడపడం, చెయ్యి మరిచిపోతుంది. బిట్టుకో ఫైలు విడగొట్టరాదా? రెండు బిట్లకు అదీ సుఖమే, కాని పొడవుల తేడా ఫైళ్లతోపాటు విడిపోదు. అలాగైతే స్పిండిల్‌ను ఆపడం, తిప్పడం కూడా మాక్రోకే అప్పగిద్దామా? ఇక్కడ నేను ఒప్పుకోను. చిన్న యంత్రాల్లో చాలావాటికి ఉన్నది స్విచ్చున్న చేతి రౌటరే; స్పిండిల్‌ను ఆపమనే ఎం5 ఆ స్విచ్చుదాకా చేరదు. మాక్రో ఎం0తో ఆగి 'స్విచ్ కట్టేశారా?' అని అడగాలి. బిట్టును సెట్టర్‌కు తాకించే ప్రోబింగ్‌కు జి38.3 కాక జి38.2 వాడాలి. తీగ ఊడి స్పర్శ తెలియకపోతే 38.2 అలారం కొట్టి ఆగిపోతుంది. 38.3కి మౌనం పూర్తి అంగీకారం. తరవాతి పంక్తి తప్పుడు సున్నాను నిశ్చింతగా రాసేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువమంది తడబడేది 'మరే మార్పూ జరగకూడదు' అన్న చోట. ప్రోబింగ్ కోసం జి91 పెట్టి, జి90కి తిరిగి రాకుండా మాక్రో ముగిస్తే, ప్రోగ్రాములోని తరవాతి 'ఎక్స్120' బల్లమీద 120వ స్థానం కాకుండా, ఉన్నచోటునుంచి మరో 120 మి.మీ. అయిపోతుంది. బిట్టు పోయి క్లాంపుకు గుద్దుకుంటుంది. యంత్రపు సొంత నిర్దేశాంకాలతో కదలమనే జి53 కథ దీనికి తిరగబడింది. దాని ప్రాణం ఒక్క పంక్తే, కాబట్టి పైకి లేచే ప్రతి పంక్తిలోనూ మళ్లీ రాయాలి. పైగా యంత్రానికి హోమింగ్ స్విచ్‌లు లేకపోతే జి53కి అర్థమే లేదు. అలాంటివారు ఈ మాక్రో జోలికి పోకుండా ముందు స్విచ్‌లు కొనుక్కోవడం మేలు.

చదువరులు ఈ మాక్రోను తొలిసారి బిట్టు లేకుండా, గాలిలో నడపండి. జడ్ మెల్లగా దిగుతుండగా సెట్టర్ మీటను చేత్తో నొక్కి, ఆగుతుందో లేదో చూసుకున్నాకే కాలెట్‌లో బిట్టు బిగించండి.