చవకగా మురుగు లైను శుభ్రం చేయించే పద్ధతి

ఇంటి మురుగు లైను పూడిపోవడానికి ఏర్పాట్లు ఇల్లు కట్టేటప్పుడే మొదలుపెట్టాలి. నాలుగంగుళాల పైపుకు సుమారు నలభై అడుగులకు ఒక అడుగు వాలు ఉండాలని మేస్త్రీలందరికీ తెలుసు. వాలు తగ్గిస్తే తవ్వే కూలి తగ్గుతుంది, మిగిలిన డబ్బుతో గేటుకు సింహం తలకాయలు పెట్టించుకోవచ్చు. మిద్దె మీది వాననీటి పైపును కూడా అదే లైనుకు కలిపితే జడివానలో మురుగు వెనక్కి తన్ని బాత్‌రూములోకే వస్తుంది. వంటింటి జాలీ పీకేసి, సంగటి గిన్నెలు కడిగిన నీళ్లు, బజ్జీలు వేయించిన నూనె, పాత గుడ్డలు అన్నీ ఒకే దారిన పంపితే పని త్వరగా పూర్తవుతుంది.

పోయిన నీళ్లు ఎక్కడికి వెళ్తాయని ఆలోచించడం ఈ పద్ధతికి మంచిది కాదు. కోలారు జిల్లాలో మరీ మంచిది కాదు. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి, కె.సి. వ్యాలీ పథకం కింద పైపుల్లో తెచ్చి ఇక్కడి చెరువులు నింపుతున్నారు. ఒక ఊరు వదిలించుకున్నది ఇంకో ఊరి చెరువులో తేలుతుందనడానికి ఇంతకన్నా పెద్ద రుజువు దొరకదు.

బాత్‌రూములో గుడగుడమని చప్పుడు మొదలైతే అది తొలి సూచన. అప్పుడు యాసిడ్ సీసా తేవాలి. యాసిడ్ గుడ్డను కరిగించదు. సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులను చంపుతుంది, గంధకం పట్టిన బురదకు తగిలితే విషవాయువును విడిపిస్తుంది. అయినా ఏదో చేశామన్న తృప్తి మిగులుతుంది. రెండు మూడేళ్లకొకసారి ట్యాంకు తోడించాలన్నది ఇంజనీర్ల మాట. గృహస్థు పద్ధతిలో ఇల్లంతా కంపు కొట్టేదాకా ఆగాలి. ఈలోగా ట్యాంకు పైన కారు షెడ్డు వేయించి, మూత ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ గుర్తులేకుండా చూసుకోవాలి.

తర్వాత మనిషిని ఎంచుకోవడం. జెట్టింగ్ మిషన్, సక్కింగ్ లారీ రెండూ ఉన్న కాలం ఇది. అందుకే బేరం ముఖ్యం. లారీవాడు చెప్పిన రేటు విని ముఖం చిట్లించి, అందులో నాలుగోవంతుకు వచ్చే మనిషిని వెతకాలి. రాత్రిపూట రమ్మంటే ఇరుగుపొరుగు చూడరు. రసీదు అడగరాదు, పేరు అడగాల్సిన పనీ లేదు. పనికి ముందు ఒక క్వార్టర్ ఇప్పిస్తే ఉదారంగా కూడా ఉంటుంది. ఛాంబర్ మూతను గడ్డపారతో లేపగానే బొద్దింకలు గుంపుగా గోడ ఎక్కుతాయి, వెచ్చటి ఆవిరి మొహానికి కొడుతుంది. వెదురు బద్ద లోపలికి నాలుగు బారలు పోయి ఆగుతుంది. తిప్పి లాగితే వెంట్రుకలు, గుడ్డపీలికలు ఉండచుట్టుకుని వస్తాయి, నీళ్లు మాత్రం కదలవు. సరిగ్గా అప్పుడే అనాలి: ‘ఏమప్పా, రెండు నిమిషాల పని, దిగి చూడరాదా?’

ఈ మాటకు కోలారు జిల్లాలోని బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో పాత చరిత్ర ఉంది. 1880లో జాన్ టేలర్ కంపెనీ గనులు పట్టుకుంది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. చాంపియన్ రీఫ్‌లో మూడు వేల మీటర్లకు మించిన లోతుకు దిగారు, అక్కడి వేడికి గాలిని చల్లబరిచి కిందికి పంపారు. మనిషి బంగారం కోసం దిగితే గాలి కావాలని తెలిసిన ఊరే ఇది. పైన మాత్రం లైన్ ఇళ్ల మరుగుదొడ్లు పొడివి. వాటిలోని మలాన్ని చేత్తో ఎత్తి నెత్తిన మోసినవాళ్లలో ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చిన తెలుగు దళిత కుటుంబాలు ఉన్నాయి. అలాంటి ఒక ఇంట్లో 1966లో పుట్టిన బెజవాడ విల్సన్ ఉత్తరాలు రాసి, ఫొటోలు తీసి పత్రికలకు పంపాక గాని గనుల యాజమాన్యం ఆ దొడ్లున్నాయని ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక వాటిని మార్చింది, పనివాళ్లకు వేరే పనులిచ్చింది. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. గనులు అంతకు చాలా ముందే, 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి.

దిగే ముందు గాలి పరీక్ష చేయాలంటే ముక్కునే నమ్మాలన్నది ఈ పద్ధతి సూత్రం. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. పది లక్షల వంతుల్లో వంద వంతులకు చేరితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. కంపు పోయింది, ఇక భయం లేదని సంతోషించేది అప్పుడే. ఏడు వందలు దాటితే మనిషి కేక వేసే లోపే పడిపోతాడు. అగ్గిపుల్ల గీసి చూడటం ఇంకో పద్ధతి. మీథేన్ ఉంటే జవాబు వెంటనే వస్తుంది. గాలి కాసేపు ఆడనిచ్చినా లాభం తక్కువ. బురదలో గడ్డపార పెట్టి కెలికితే అడుగున ఉన్న వాయువు కొత్తగా లేస్తుంది.

ఒకడు పడితే తాడు లేకుండా రెండోవాడిని పంపాలి. ఇది నియమంలా జరుగుతుంది కాబట్టే ఒక్క గుంటలో శవాలు ఒకటికి మించి దొరుకుతాయి. 2011లో కేజీఎఫ్‌లోనే ఇలాంటి పనిలో ముగ్గురు పోయారు.

చివరిది మాట జాగ్రత్త. ‘మేం దిగమనలేదు, తనే దిగాడు’, ‘కాంట్రాక్టరుకు అప్పజెప్పాం’ అన్న రెండు వాక్యాలు ముందే బట్టీ పట్టాలి. అయితే చేత్తో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని నేరుగా గాని, పరోక్షంగా గాని దించకూడదంటుంది. మొదటిసారికి రెండేళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. తర్వాతి తప్పుకు అయిదేళ్లు, 5 లక్షలు. చనిపోయినవారి కుటుంబానికి ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలుగా నిర్ణయించి, 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది. ఈ లెక్కలన్నీ పక్కన పెట్టుకుని లారీవాడితో మరోసారి బేరమాడటంలో తప్పులేదు. సెప్టిక్ ట్యాంకుల కోసం కేంద్రం పెట్టిన హెల్ప్‌లైన్ 14420కి మాత్రం ఫోన్ చేయకూడదు. చేస్తే మిషన్ వచ్చే ప్రమాదం ఉంది.