కథేంటండీ?

మొన్న సెకండ్ షో చూసి ఇంటికొచ్చేసరికి ఒంటిగంట దాటింది. తలుపు తీసిన మా ఆవిడ ఒకటే మాట అడిగింది: "కథేంటండీ?"

చెప్పులు విప్పుతూ ఆలోచించాను. హీరో నడిచాడు. చాలాసేపు నడిచాడు. స్లోమోషన్ లేకుండా మామూలు మనిషిలా నడిచి ఉంటే నేను పన్నెండింటికే కొంపకు చేరేవాణ్ణి. వెనకాల ఏదో తగలబడింది. ఎవరిదో, ఎందుకో గుర్తులేదు. మిగతాది రెండో భాగంలో అన్నారు.

"మూడు రోజుల్లో మూడొందల కోట్లట" అన్నాను.

"నేనడిగింది కథ."

పోనీ నాది మతిమరుపు అనుకుందామా? 1957లో వచ్చిన మాయాబజార్ నేను పుట్టకముందుది. డొక్కు టీవీలో చూశాను. ఎస్వీ రంగారావు నోట్లోకి లడ్లు దూకడం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. పింగళి నాగేంద్రరావు పుట్టించిన 'అసమదీయులు', 'తసమదీయులు' మా అపార్ట్‌మెంట్ ఎన్నికల్లో నేటికీ పనికొస్తున్నారు. ఆ సినిమా ఎంత వసూలు చేసిందని మా ఇంట్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఈ రెండు భాగాల జబ్బుకు తప్పు బాహుబలిదీ కాదులెండి. 2015లో కట్టప్ప చేత కత్తి దింపించి ఆపేస్తే, 2017 ఏప్రిల్ దాకా దేశమంతా ఎందుకు చంపాడో అని జుట్టు పీక్కుంది. రెండో భాగం వెయ్యి కోట్లు దాటింది. అంతకుముందు ఏ భారతీయ సినిమా దాటని గీత అది. జనాన్ని పట్టి కుదిపింది ఆ ప్రశ్న. మనవాళ్లు కాపీ కొట్టింది ఆ కోత. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు, ఇప్పుడు ముప్పావుగంట కథ ఉన్నవాడూ దాన్ని రెండు ముక్కలు కోస్తున్నాడు.

పైగా పాన్ ఇండియా. పెట్టుబడి వందల కోట్లు, భాషలు ఐదు, రాబట్టుకునే గడువు మొదటి వారాంతం. జంధ్యాల వెటకారాన్ని హిందీలోకి దించడం ఎవడి తరం? గొడ్డలికైతే డబ్బింగ్ అక్కర్లేదు. వెనకటికి ఒకే హాల్లో వంద రోజులాడితే ఊరందరికీ డైలాగులు నోటికొచ్చేవి. ఇప్పుడు నెల తిరక్కుండా ఫోన్లోకి వచ్చేస్తోంది. ఆపైన గుర్తుంచుకోవడం మన సొంత ఖర్చు.

ఆ జంధ్యాలే 1987లో తీసిన అహ నా పెళ్ళంటలో కోట శ్రీనివాసరావు కోడిని వేలాడగట్టి, దాన్ని చూసుకుంటూ వట్టన్నం తింటాడు. ఆ పిసినారిని చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. మొన్న హాలు ముందు పోస్టరు మీద కోట్ల అంకె వేలాడుతుంటే, దానికేసి చూస్తూ పాప్‌కార్న్ నములుతున్నాను. నవ్వేవాడు పక్కన లేడంతే.

ఇంటర్ చదివే మా సుపుత్రుడికి నైజాం షేరెంతో, ఓవర్సీస్ గ్రాసెంతో నిద్రలో లేపి అడిగినా వస్తాయి. లెక్కల పేపర్లో మాత్రం ముప్పై ఐదు దాటడు. పొద్దున్నే వాణ్ణే పట్టుకున్నాను.

"మొదటి భాగంలో అసలేం జరిగిందిరా?"

"సీడెడ్‌లో తప్ప అంతటా బ్రేక్ ఈవెన్ అయింది నాన్నా."