రొయ్యసంజీవని: అడాప్టరు లేబులుకు టీకా తాత్పర్యం

అవతారిక

కైకలూరు దగ్గర ఒక వెనామీ చెరువు. అర్ధరాత్రి కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయి. పగలు ఎండలో ఆక్సిజన్ ఇచ్చిన నాచే రాత్రంతా దాన్ని పీల్చుకుంటుంది కాబట్టి తెల్లవారుజాముకు నీళ్లలో డీవో, అంటే కరిగిన ఆక్సిజన్, ఎలాగూ అడుగంటి ఉంటుంది. షెడ్డులో జనరేటరు ఉంది. దాన్ని వేయాల్సిన మనిషి మంచి నిద్రలో ఉన్నాడు. కరెంటు పోగానే అతనికి ఫోన్ కొట్టి లేపే చిన్న యంత్రం చేయాలని, బెజవాడలో ఇంజనీరింగ్ చదివే రైతుగారబ్బాయి సంకల్పించాడు. మైక్రోకంట్రోలర్ బోర్డు కొన్నాడు, సిమ్ వేసుకునే సిమ్800ఎల్ మాడ్యూలు కొన్నాడు. చివరికి "పవర్ సప్లై ఏదైనా ఇవ్వండి" అన్నాడు. గవర్నరుపేట దుకాణదారు ఏదో ఒకటి ఇచ్చాడు. దాని వీపున చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న శాసనమే మనకు మూలం.

కాళిదాసు కావ్యాలకు సంజీవని రాసిన కోలాచలం మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ పట్టాడు. ఈ వ్యాఖ్యాతకు ఆ భాగ్యం లేదు. లేబులు చెప్పినదానికంటే చెప్పకుండా దాచిందే ఎక్కువ.

మూలము

ఇన్‌పుట్: 100–240 వోల్టులు ఏసీ, 50/60 హెర్ట్జ్, 0.3 ఆంపియర్లు.
అవుట్‌పుట్: 5 వోల్టులు డీసీ, 2 ఆంపియర్లు.
ఫర్ ఇండోర్ యూజ్ ఓన్లీ.

ప్రతిపదార్థము

100–240 వోల్టులు ఏసీ = మన 230 వోల్టులు కూడ ఇముడునట్టి కరెంటు; 50/60 హెర్ట్జ్ = ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రములో పుట్టినను, అమెరికాలో పుట్టినను భేదము పాటింపనిది; 0.3 ఆంపియర్లు = గోడనుండి తాను పుచ్చుకొను గరిష్ఠభాగము; 5 వోల్టులు డీసీ = తప్పరాని మాట; 2 ఆంపియర్లు = అడిగినచో ఇంతవరకు; ఫర్ ఇండోర్ యూజ్ ఓన్లీ = చెరువుగట్టున పెట్టకుమని భావము.

టీక

"2 ఆంపియర్లు" అనేచోట కొత్తవారు తడబడతారు. బోర్డుకు కావలసింది 50 మిల్లీఆంపియర్లయితే 2 ఆంపియర్లు ఇస్తే కాలిపోదా అని సందేహం. కాలదు. కాలువ నిండుగా పారుతున్నా తూము ఎంత తెరిస్తే చేలోకి అంతే నీరు. ఆంపియర్లు అడాప్టరు సత్తా. ఎంత లాగాలో తేల్చేది లోడు. వోల్టుల సంగతి అలా కాదు. అవి బోర్డు కోరినంతే ఉండాలి, ఎక్కువైతే కాలుతుంది, తక్కువైతే మొరాయిస్తుంది.

పాఠాంతరములు

"12 వోల్టులు, 1 ఆంపియరు" అని కొన్ని ప్రతుల్లో కనిపిస్తుంది. ఆర్డుయినో ఊనో అనే బోర్డు గుండ్రటి జాక్ 7 నుంచి 12 వోల్టులు తీసుకుంటుంది కనుక ఇదీ గ్రాహ్యమే అని దుకాణదారుల మతం. కానీ బోర్డు మీది రెగ్యులేటరు 12ను 5 చేసేటప్పుడు మిగిలిన 7 వోల్టులనూ వేడిగా తగలేస్తుంది. 0.3 ఆంపియరు లాగితే 2.1 వాట్లు, అదీ గోటిమీద పట్టేంత చిప్పులో, మే నెల ఎండల్లో. ఆ పాఠమే కావాలనుకుంటే మధ్యలో ఎల్ఎమ్2596 బక్ కన్వర్టరు పెట్టాలి.

"9 వోల్టుల చదరపు బ్యాటరీ" అని యూట్యూబు సంప్రదాయంవారి పాఠం. మల్టీమీటరుకు సరే. దాని అంతర్నిరోధం ఎక్కువ. ఫోన్ చేసే మాడ్యూలు ఒక్కసారి గట్టిగా లాగితే వోల్టేజి కుప్పకూలుతుంది. కాబట్టి అపపాఠం.

పూర్వపక్షము

"మూలంలో 5 వోల్టులు, 2 ఆంపియర్లు స్పష్టంగా ఉన్నాయి. బోర్డుకు 5 చాలు, మాడ్యూలుకు 2 చాలు. ఇక వ్యాఖ్య ఎందుకు?"

సమాధానము

రెండు దోషాలున్నాయి. మొదటిది: సిమ్800ఎల్‌కు 5 వోల్టులు ఎక్కువ, 3.3 తక్కువ, అది కోరేది 3.4–4.4 మధ్య. పైగా టవరుతో మాట్లాడేటప్పుడు 577 మైక్రోసెకన్లపాటు 2 ఆంపియర్లదాకా గుటుక్కున లాగుతుంది. బ్రెడ్‌బోర్డు మీద సన్నటి జంపర్ వైర్లలో 0.2 ఓమ్ నిరోధం ఉందనుకుందాం. అక్కడే 0.4 వోల్టు పోతుంది. సరిపడే 3.7 వోల్టుల లిథియం బ్యాటరీయే పెట్టినా మాడ్యూలుకు చేరేది 3.3. అంతే, రీసెట్. మళ్లీ లేస్తుంది, మళ్లీ లాగుతుంది, మళ్లీ పడుతుంది. కుర్రవాడు మాత్రం ప్రోగ్రాంలో తప్పు వెతుకుతుంటాడు. పొట్టి మందపాటి వైర్లు, మాడ్యూలు కాళ్లదగ్గరే 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరు దీనికి మందు.

రెండవ దోషం మహాదోషం. కరెంటు పోయిందని చెప్పవలసిన యంత్రం ఆ కరెంటునే తిని బతికితే, చెప్పవలసిన క్షణానికే నోరు పడిపోతుంది.

సిద్ధాంతము

కాబట్టి తిండి పెట్టవలసింది 18650 లిథియం సెల్. నిండితే 4.2 వోల్టులు, వాడుకలో సుమారు 3.7; మాడ్యూలుకు సరిగ్గా సరిపోతుంది. ఊనోలాంటి 16 మెగాహెర్ట్జ్ బోర్డు ఈ వోల్టేజిలో నమ్మకంగా నడవదు, 3.3 వోల్టుల 8 మెగాహెర్ట్జ్ ప్రో మినీ బోర్డు తీసుకోవాలి. అడాప్టరు పని రెండు: రక్షణ సర్క్యూట్ ఉన్న టీపీ4056 చార్జరు ద్వారా సెల్‌ను నింపడం, సాక్ష్యం చెప్పడం. దాని 5 వోల్టులను 10 కిలోఓమ్, 20 కిలోఓమ్ రెసిస్టర్ల మధ్య 3.3కు దించి బోర్డు మీది ఒక పిన్నుకు కలపాలి. పిన్ను సున్నా అయితే కరెంటు పోయినట్టు.

ఆక్షేపము

ఏరియేటర్లకు మూడు ఫేజులు, అడాప్టరుకు ఒక్కటే. మిగతా రెండింటిలో ఒకటి పోతే మోటారు మూలుగుతుంది, అడాప్టరు నిశ్చింతగా వెలుగుతుంది. నిజమే. అందువల్ల ఫేజుకొకటి చొప్పున మూడు చిన్న అడాప్టర్లు, మూడు పిన్నులు ఉండాలి. లో వోల్టేజి సంగతి మాత్రం ఈ సాక్షులు చెప్పరు. 150 వోల్టులకు దిగినా వారికి 100–240 లోపలే. అందుకు ప్యానెల్లో సింగిల్ ఫేజ్ ప్రివెంటరు, వోల్టేజి రిలే ఉండనే ఉండాలి.

విశేషములు

లేబులు మీద ఐఎస్ ప్రమాణ సంఖ్యా, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్యా ఉన్నాయో లేదో చూడాలి. 2012 నాటి ఎలక్ట్రానిక్ వస్తువుల నిర్బంధ నమోదు ఉత్తర్వులోకి తర్వాత చేరిన వస్తువుల్లో అడాప్టరు ఒకటి. చతురస్రంలో చతురస్రం ఉంటే రెండంచెల ఇన్సులేషన్, ఎర్త్ పిన్ను అక్కర్లేదు. ఉప్పుగాలి తగిలే షెడ్డులో మూతపడే ప్లాస్టిక్ పెట్టె తప్పదు. అలా పెడితే తప్ప చెరువుగట్టు "ఇండోర్" కాదు.

తాత్పర్యము

పవర్ సప్లై కొనబోయేవాడు ఎన్ని వోల్టులని మొదట అడగరాదు. నా యంత్రం ఏ క్షణంలో పనిచేయాలి, ఆ క్షణంలో ఎంత లాగుతుంది, అప్పుడు గోడలో కరెంటు ఉంటుందా అని అడగాలి. వోల్టులు, ఆంపియర్లు ఆ మూడు జవాబుల వెనకే వస్తాయి.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్య చదివినందువల్ల ఏ పుణ్యమూ రాదు. నెలకోసారి అడాప్టర్లు ఒక్కొక్కటే చేత్తో పీకి, ఫోన్ మోగుతుందో లేదో చూసుకున్నవారికి పంట దక్కుతుంది.