మా శవాలనే మీరు చీము అంటారు

నన్ను న్యూట్రోఫిల్ అంటారు. తెల్ల రక్తకణాల్లో మా వాళ్లే ఎక్కువ. మొయినాబాద్ దగ్గర గులాబీ తోటలో కూలికి పోయే ఒకావిడ తుంటి ఎముక మూలుగ నా పుట్టిల్లు. మనిషి ఒంట్లో రోజుకు దాదాపు 10,000 కోట్లమందిమి పుడతాం. ఆయువు గంటల లెక్క, మహా అయితే కొన్ని రోజులు. పిల్లల్ని కనే యోగం మాకు లేదు.

ఆవేళ ఆమె తెల్లవారకముందే పూలు కోస్తోంది. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయే ఆటో వచ్చేలోగా గంపలు నిండాలి. ఆ తొందరలో చూపుడువేలికి ముల్లు దిగింది. చీరకొంగుకు తుడుచుకుని మళ్లీ కోతలో పడింది.

ముల్లు ఒంటరిగా రాలేదు. చర్మం మీద ఏ గొడవా లేకుండా కాపురముంటున్న స్టెఫిలోకాకస్ ఆరియస్‌ను వెంటబెట్టుకొచ్చింది. ద్రాక్షగుత్తిలా కనబడే బాక్టీరియా అది. చర్మంలో కాపలా కాసే మాక్రోఫేజ్‌లు దాన్ని పసిగట్టి సైటోకైన్లనే రసాయన కబుర్లు వదిలాయి. మాస్ట్ కణాలు హిస్టమిన్ చిమ్మాయి. రక్తనాళాలు వెడల్పయ్యాయి, వేలు ఎర్రబడి కాలింది. నాళాల గోడలు సందివ్వగానే నీరు ఊరి వాచింది. ఆపైన సలుపు. రెండువేల ఏళ్ల కిందట రోమ్‌లో సెల్సస్ రాసిపెట్టిన నాలుగు లక్షణాలూ ఆ ఒక్క వేలిమీదే కనబడ్డాయి.

మర్నాడు నా వంతు. రక్తంలో కొట్టుకుపోతుంటే నాళం గోడ జిగటగా తగిలింది. దొర్లాను, అంటుకున్నాను, సందులోంచి ఒళ్లు సాగదీసి ఇవతలికి దూరాను. దొరికినదాన్ని దొరికినట్టు మింగి, నల్లా నీళ్లలో కలిపే బ్లీచింగ్ లాంటి మందుతోనే లోపల చంపాను. ఆ బాక్టీరియా కూడా తక్కువది కాదు. విషం చిమ్మి మావాళ్ల ఒంటికి చిల్లులు పొడిచింది. కొందరు చస్తూ చస్తూ తమ డీఎన్‌ఏనే వలగా విసిరారు. ఆ వల సంగతి శాస్త్రవేత్తలు బయటపెట్టింది 2004లోనే.

ఒకటి ఒప్పుకోవాలి. మా మందుకు మన, పర తేడా తెలియదు. బాక్టీరియాతో పాటు ఆమె కండనూ కరిగించాం. ఆమె పడిన బాధలో మా వాటా చిన్నది కాదు.

"వేలు పలుగుతున్నట్టుందత్తా."

"గడ్డ లేసింది. పిసుకకు బిడ్డా, దవాఖానకు పో."

డాక్టర్ చిన్న గాటు పెట్టాడు. పచ్చగా కారింది మావాళ్ల శవాలే, వాటితో పాటు మేం చంపిన బాక్టీరియా, కరిగిన కండ.

మేం చేసే పని లోకానికి తెలిసిందీ ముల్లుతోనే. 1882లో ఇటలీలోని మెస్సీనాలో మెచ్నికోఫ్ అనే శాస్త్రవేత్త నక్షత్రచేప పిల్లలకు గులాబీ ముళ్లు గుచ్చి, తెల్లారి చూస్తే వాటి చుట్టూ కణాలు మూగి ఉన్నాయట. ఆ చూపే ఆయనకు 1908లో నోబెల్ తెచ్చింది.

చీముతో పాటు నేను బయటికి పోలేదు. గాయం అంచున మిగిలాను. నా గడువు తీరింది. మాక్రోఫేజ్ ఒకటి నావైపే వస్తోంది. నన్ను మింగాకే అది మంట తగ్గించే కబురు పంపుతుంది. రాజేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆర్పడానికి నేను పోవడమే న్యాయం.