కయాక్ రాయుడు

పేకాట రాయుళ్లు మనకు కొత్త కాదు, జిల్లా పేజీలో వారానికోసారైనా పట్టుబడుతుంటారు. కయాక్ రాయుడు మాత్రం అచ్చంగా అమెరికా సరుకు. టెక్సాస్, టెనెసీ, అలబామా రాష్ట్రాల్లో ఏ రిజర్వాయరు రేవుకైనా శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు వెళ్లి చూడండి. నుదుటికి లైటు, ఒంటికి జేబులే జేబులున్న లైఫ్ జాకెట్, చేతిలో చల్లారిన కాఫీ. ఇంత పొద్దున్నే ఇక్కడేం పని బాబూ అంటే "ప్రశాంతత కోసం" అంటాడు. ఆ మాట అనే వేళకు అతని వెనక ఎనిమిది రాడ్లు, రెండు బ్యాటరీలు, ఒక సోనార్ తెర, మూడు కెమెరాలు సిద్ధంగా ఉంటాయి.

అతను వేటాడేది లార్జ్‌మౌత్ బాస్‌ని. బాస్ అనగానే గోదావరి జిల్లాల వాళ్లకు పండుగప్ప గుర్తొచ్చి నోరూరుతుంది గానీ, ఇది వేరే. సన్‌ఫిష్ కుటుంబానికి చెందిన మంచినీటి చేప. నోరు మూసినా దవడ మూల కన్ను దాటి వెనక్కి పోయి ఉంటుంది. ఆ నోట్లో పట్టేదేదైనా దానికి ఆహారమే: చిన్న చేప, కప్ప, క్రేఫిష్, ఖర్మ కాలితే బాతుపిల్ల. ఇంత నోరున్నది ఏం పెట్టినా తింటుంది కదా అని మామూలు మనుషులు అనుకుంటారు. రాయుడి దగ్గర మాత్రం ఆ మాట అనకూడదు. అలా తినేస్తే అతని గ్యారేజీకి అర్థమేముంది?

బాస్ పోటీలకు ఆద్యుడు రే స్కాట్. అలబామాలో ఇన్సూరెన్స్ పాలసీలు అమ్ముకునే మనిషి, 1967 జూన్‌లో ఆర్కన్సా రాష్ట్రంలోని బీవర్ లేక్‌లో తొలి పోటీ పెట్టాడు. ఆ తర్వాత ఈ ఆట ఎంత ముదిరిందంటే, ఇవాళ ఒక సిసలైన బాస్ బోటు ఇరవై అడుగుల పొడవు, 250 హార్స్‌పవర్ మోటారు, పెళ్లి ఊరేగింపు కారుకైనా ఉండనంత తళుకుల పెయింటు. ధర వింటే ఇల్లాలు పుట్టింటికి పోతుంది. ఆ స్తోమత లేనివాళ్లు, ఉన్నా ఇంట్లో ఒప్పుకోనివాళ్లు కయాక్ అనే చిన్న దోనె పట్టారు. తెడ్డు వేసుకుంటూ, ఒక్క రాడ్డుతో, పెట్రోలు వాసన లేకుండా. ఆలోచన బంగారంలాంటిదే. రే స్కాట్ పెట్టిన బీఏఎస్ఎస్ సంస్థే ముచ్చటపడి 2020లో కయాక్ సిరీస్ మొదలుపెట్టింది.

మన రాయుడు కూడా అలాగే, సూపర్‌మార్కెట్‌లో కొన్న కొన్ని వందల డాలర్ల ప్లాస్టిక్ దోనెతో మొదలయ్యాడు. రెండో నెలకే, తెడ్డు వేస్తూ గాలం వేయడం కుదరదని తెలిసింది. హోబీ కంపెనీ 1997లోనే కాళ్లతో తొక్కే మిరాజ్ డ్రైవ్ కనిపెట్టి ఉంచింది కదా! కింద రెండు రెక్కలు పెంగ్విన్ ఈదినట్టు ఆడతాయి, చేతులు ఖాళీ. అది కొన్నాక దానికి తగ్గ సీటు, ఆ సీటు ఉన్నాక సోనార్, సోనార్‌కు బ్యాటరీ, బ్యాటరీ ఎలాగూ ఉంది గనక ఎలక్ట్రిక్ మోటారు. ఇప్పుడతని కయాక్ ఖరీదు ఐదు వేల డాలర్లు దాటింది. బరువు ఇద్దరు మనుషుల పెట్టు. కారు మీదికి ఎక్కదు కాబట్టి ట్రక్కు, ట్రక్కు నుంచి నీళ్లదాకా లాగడానికి చక్రాల బండి. బోటు కొనలేక కయాక్ కొన్నానని అతను ఇప్పటికీ అంటూనే ఉంటాడు.

ఇంత హంగులోనూ సీటు వెనక ఒక పాల క్రేటు ఉంటుంది. అనుమతి లేకుండా వాడితే చట్టరీత్యా నేరమని డెయిరీ వాళ్లు దానిమీద అచ్చువేసే రకం. కయాక్ వేటగాళ్ల కులచిహ్నం అది. అందులోనే పెట్టెలు, దానికే రాడ్ల గొట్టాలు. అచ్చంగా కయాక్ కోసమే చేసిన ఖరీదైన పెట్టెలు అంగట్లో ఉన్నాయి, అవి కూడా పాల క్రేటు పోలికలోనే ఉంటాయి.

అసలు పోటీ శుక్రవారం రాత్రి గ్యారేజీలో జరుగుతుంది. బోటువాడికి అరలకు కొదవలేదు, ఉన్నవన్నీ పడేసుకుని పోతాడు. కయాక్ వాడికి ఆ క్రేటు, సీటు కింద నాలుగు పెట్టెలు, అంతే చోటు. ఏం తీసుకెళ్లాలో తేల్చడం సులువు. ఏది ఇంట్లో వదలాలన్న దగ్గరే ప్రాణం పోతుంది. గోడ నిండా మేకులు, మేకుల నిండా ఎరల ప్యాకెట్లు, నేలమీద వరసగా ప్లానో పెట్టెలు. (ఆ పెట్టెల కంపెనీ పుట్టింది ఇల్లినాయ్ రాష్ట్రంలోని ప్లానోలో. తెలుగువాళ్లు కిక్కిరిసిన డాలస్ పక్క ప్లానోకు ఆ ఖ్యాతి దక్కలేదు.) ఒక పెట్టె మూత తీసి, అందులోంచి ఒక క్రాంక్‌బైట్‌ను తోక పట్టుకుని పైకి లేపుతాడు. మూడేసి మొనల కొక్కేలు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని ఏడు లేస్తాయి. వాటిని విడదీస్తూ అరగంట. విడదీశాక ఏడూ బాగున్నాయని అనిపిస్తుంది. ఏడూ వెళ్తాయి.

రబ్బరు పురుగుల దగ్గరికొచ్చేసరికి మరీ కష్టం. అక్కడ రాజు సెంకో. గ్యారీ యమమోతో తయారుచేసిన ఈ ఐదంగుళాల పురుగుకు కాళ్లు లేవు, తోక లేదు, రెక్క లేదు; బాల్‌పెన్నును చూసి దాని ఆకారం ఇచ్చాడని ప్రతీతి. ఒంటినిండా ఉప్పు దట్టించి ఉండటంతో నీళ్లలో వణుక్కుంటూ మునుగుతుంది. నడుముకు కొక్కెం గుచ్చి వదిలేస్తే చాలు, వేటగాడు ఏమీ చేయకపోయినా చేపలు పడతాయి. రాయుడికి దానిమీద లోలోపల కోపం కూడా అందుకే. పైగా ఉప్పు ఎక్కువ, గట్టితనం తక్కువ. రెండు చేపలు కొరికితే తెగిపోతుంది. మళ్లీ ప్యాకెట్టు కొనాలి.

ఇక రంగులు. బట్టల కొట్లో రామాగ్రీన్, చిలకపచ్చ, మామిడిచిగురు, నెమలికంఠం అంటూ చీరలు పరిచినట్టే ఉంటుంది: గ్రీన్ పంప్‌కిన్, వాటర్‌మెలన్ రెడ్‌ఫ్లేక్, జూన్‌బగ్, మార్నింగ్ డాన్, సెక్సీ షాడ్, ఎలక్ట్రిక్ చికెన్. బురద నీటికి నలుపూ నీలమూ కలిసిన జిగ్ ఎర, తేట నీటికి పుచ్చకాయ రంగు. మబ్బు పడితే ఒకటి, ఎండకాస్తే ఒకటి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ చేప కళ్లు పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. దానికి ఎరుపూ ఆకుపచ్చా బాగా తెలుస్తాయట. నిమ్మపసుపుకూ తెలుపుకూ తేడా పోల్చుకోలేదట, ముదురు నీలానికీ నలుపుకూ కూడా. రాయుడు ఆ వ్యాసం చదివాడు, తోటివాళ్లకు పంపాడు కూడా. మర్నాడు నలుపూ నీలం జిగ్‌లు మరో అరడజను తెప్పించాడు. నీలం పాలు కాస్త ఎక్కువున్నవి.

ఈ జబ్బుకు అమెరికా గాలం వేటగాళ్లు పెట్టుకున్న పేరు "బైట్ మంకీ". భుజంమీద కూర్చుని, అది కొను, ఇది కొను అని చెవిలో గొణిగే కోతి. ఆ కోతికి మేత పెట్టే కథలకు కొరత లేదు. ఫిన్లాండ్‌లో లౌరీ రాపాలా అనే పేద జాలరి 1936లో చెప్పులు కుట్టేవాడి కత్తితో బెండు చెక్కి, చాక్లెట్ రేకు చుట్టి, ఫొటో నెగెటివ్‌లు కరిగించి పూతపూసి ఒక ఉత్తుత్తి చేప చేశాడు. 1962 ఆగస్టులో లైఫ్ పత్రిక దాని గురించి రాసింది. ఆ సంచిక అట్టమీద కొత్తగా చనిపోయిన మార్లిన్ మన్రో బొమ్మ. పత్రిక కోట్ల కళ్లల్లో పడింది, రాపాలాకు ఆర్డర్లు తట్టుకోలేనన్ని వచ్చాయి. 2011 అక్టోబరులో అలబామాలోని గంటర్స్‌విల్ సరస్సులో పాల్ ఎలియస్ నాలుగు రోజుల్లో 102 పౌండ్ల పైచిలుకు బాస్‌లు పట్టాడు. వాడింది అలబామా రిగ్, ఒకే దారానికి ఐదు ఎరలు గొడుగు ఊచల్లా వేలాడే సరంజామా. వారం తిరక్కుండా దుకాణాల్లో అది కరువైపోయింది. బీఏఎస్ఎస్ దాన్ని తన పెద్ద పోటీల్లో నిషేధించింది. నిషేధించారని తెలిశాక రాయుడికి రెండు కొనాలనిపించింది.

తెల్లవారింది. నీళ్లలోకి దిగాడు. అన్నిటికీ తాళ్లు కట్టి ఉంటాయి: రాడ్డుకు, శ్రావణానికి, ఫోనుకు. కయాక్ బోర్లాపడితే ఈ వేటగాళ్లు దాన్ని టర్టిల్ అంటారు. తాళ్లు కట్టని సామానంతా నీటిమీద తేలుతూ పోవడాన్ని యార్డ్ సేల్ అంటారు. అరటిపండు వెంట ఉంటే చేప పడదన్న మూఢనమ్మకం వీళ్లలో బలంగా ఉంది గనక ఫలహారం చూసుకుని తెచ్చుకున్నాడు. మొదటి విసురుకే రీలులో దారం గూడు కట్టింది. విప్పుతూ పావుగంట. ఆ పావుగంటలో పక్కవాడికి రెండు పడ్డాయి.

అతని ముందున్న తెరమీద లైవ్‌స్కోప్ నడుస్తోంది. గార్మిన్ 2018లో తెచ్చిన ఈ సోనార్‌లో చేప కదలికలు అప్పటికప్పుడు కనబడతాయి. మునుపు చేప ఎందుకు పడలేదో వేటగాడికి తెలిసేది కాదు, నీళ్లు బాగాలేవనో గాలి మళ్లిందనో చెప్పుకుని ఇంటికి పోయేవాడు. ఇప్పుడు చేప ఎరదాకా రావడం, దాన్ని ఎగాదిగా చూడటం, వెనుదిరిగి పోవడం ప్రత్యక్ష ప్రసారం. వేల డాలర్లు పోసి ఈ అవమానాన్ని కొనుక్కున్నాడు.

చివరికి పడింది. ఇక్కడే కయాక్ పోటీకీ బోటు పోటీకీ తేడా. బోటువాళ్లు చేపను తొట్టిలో వేసుకుని సాయంత్రం తూకానికి తెస్తారు. కయాక్‌లో తొట్టికి చోటేదీ? పట్టు, ఫొటో తియ్యి, వదులు. బరువు లెక్క లేదు, పొడవే లెక్క. రోజంతా పట్టినవాటిలో పెద్దవి ఐదింటి అంగుళాలు కూడతారు. 2022లో ఒహాయోలోని క్లీవ్‌లాండ్‌లో, వాలై అనే చేపల పోటీలో, చేపల కడుపుల్లోంచి సీసపు గుండ్లు బయటపడి దేశమంతా గోల అయింది. ఫొటోలో సీసం దాచలేరు కదా అని కయాక్ వాళ్లు అప్పట్లో కాస్త గర్వపడ్డారు.

అయితే ఆ ఫొటో తీయడమే ఒక సర్కస్. ఒళ్లో అల్యూమినియం కొలత పలక. దానిమీద చేప, తల ఎడమవైపుకు, మూతి అంచుకు ఆని ఉండాలి. నోరు మూసి ఉండాలి, తెరిస్తే కోత. పాత ఫొటోలు పంపకుండా ఆ రోజుకని ఇచ్చిన గుర్తింపు సంఖ్య చీటీ కనబడాలి. తోక అంగుళం గీత మీద స్పష్టంగా పడాలి. పావు అంగుళానికి ఒక్క వెంట్రుక తగ్గినా కిందిదే లెక్క. ఎడమచేయి చేపమీద, కుడిచేతిలో తడి ఫోను. వేలిముద్రతో తెరుచుకోని ఫోను. ఈలోగా గాలి కయాక్‌ను చెట్టుకొమ్మల్లోకి తోస్తోంది. మెల్లగా నోరు మూయించి, తోక నిమిరి, ఊపిరి బిగబట్టి మీట నొక్కబోతాడు. బాస్ ఒక్క ఎగురు ఎగురుతుంది. పలకమీద మిగిలేది కాస్త జిగురు.

ఇలాంటి రాయుడొకడు డాలస్ ప్లానోలో ఒక తెలుగు కుటుంబానికి పక్కింటివాడు అనుకోండి. కొడుకు దగ్గరికి ఆర్నెల్లకని ఏలూరు నుంచి వచ్చిన పెద్దావిడ, కొల్లేటి చేపలు తిని పెరిగిన మనిషి, కిటికీలోంచి అతని ట్రక్కు రావడం చూస్తుంది.

"ఎన్ని పడ్డాయిట్రా ఆయనకి?"

"ఐదుటమ్మా."

"మరేవీ?"

"ఫొటోలు తీసుకుని వదిలేశాట్ట."

"అయితే ఆ ఫొటోలకి పులుసు పెట్టుకుంటారేమో కనుక్కో."

ఆవిడకు చెప్పకూడనిది ఇంకోటుంది. 2002లో మేరీల్యాండ్‌లోని క్రాఫ్టన్ అనే ఊరి చెరువులో స్నేక్‌హెడ్ చేప దొరికింది. మన కొరమీనుకు దగ్గరి చుట్టం అది, తెలంగాణ తన రాష్ట్ర చేపగా పెట్టుకున్న కొరమీనుకు. ఇప్పుడది పోటోమాక్ నదిలో స్థిరపడింది, బాస్ కోసం విసిరిన రబ్బరు కప్పను ఎగిరి పట్టుకుంటోంది. ఎక్కణ్నుంచో వచ్చి స్థానిక చేపలను తినేస్తోంది గనక దొరికితే వదలొద్దు, చంపేయండి అని అక్కడి ప్రభుత్వం చెబుతుంది. అంటే బాస్‌ను దువ్వి నీళ్లలో దింపే చేత్తోనే రాయుడు కొరమీను చుట్టాన్ని చంపాలి. కొందరు వండుకుంటున్నారని తెలిస్తే పెద్దావిడ కాస్త శాంతిస్తుంది.

సాయంత్రానికి ఫలితాలు ఫోనులోనే వచ్చేశాయి. రాయుడు పావు అంగుళం తేడాతో నగదు బహుమతుల వరస తప్పిపోయాడు. బాధపడలేదు. విజేత మాటలకోసం చెవులు రిక్కించాడు. గెలిచిన పాతికేళ్ల కుర్రాడు సిగ్గుపడుతూ, పొద్దున్నుంచీ ఒకటే వేశానన్నాడు: సెంకో, గ్రీన్ పంప్‌కిన్. రాయుడి గ్యారేజీలో ఆ రంగు పదకొండు ప్యాకెట్లున్నాయి, ఇవాళ వాటిని ఇంట్లో వదిలి వచ్చాడు. మామూలు మనిషికైతే కథ అక్కడితో తేలిపోయేది. కుర్రాడు ఇంకో మాట అన్నాడు, అందులో కొంచెం ఊదా మెరుపు ఉందని. ట్రక్కులోనే కూర్చుని రాయుడు ఫోను తీశాడు. రెండు ప్యాకెట్లు. ఉచిత డెలివరీకి మరో ఇరవై ఆరు డాలర్లు తక్కువపడుతున్నాయని కంపెనీవాడు గుర్తుచేశాడు. ఎలక్ట్రిక్ చికెన్ రంగులో ఏమున్నాయో చూడటం మొదలుపెట్టాడు.